ట్రెయిన్ సిమ్యులేటర్‌కు స్కాట్లాండ్ నుంచి నా సూచన: కైల్ లైను

స్కాట్లాండ్‌లోని అందమైన రైలు మార్గాలలో ట్రెయిన్ సిమ్యులేటర్ అనే కంప్యూటర్ ఆటకు కొత్తగా దేనిని సూచిస్తారని మీరు అడిగారు. చాలామంది 21 కమానుల గ్లెన్‌ఫిన్నన్ వంతెన ఉన్న మాలెయిగ్ మార్గాన్నే తలుస్తారు గానీ, అది ఆ ఆటలోకి ఎప్పుడో వచ్చింది. నా ఓటు ఇన్వర్నెస్ నుంచి పడమటి తీరంలోని కైల్ ఆఫ్ లోకాల్ష్ వరకు సుమారు 130 కిలోమీటర్లు సాగే లైనుకు. అబెర్డీన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ బండి ఎక్కాను. కిటికీలోంచి కనబడే అందం సరే, అక్కడ డ్రైవరుకు చేతినిండా పని ఉంటుందన్నదే నా అసలు కారణం.

బండి బయలుదేరిన కాసేపటికే క్లాక్నహారీ వద్ద కెలడోనియన్ కాలువ మీది తిరిగే వంతెనను దాటాలి. ఆ తరువాత వచ్చే బ్యూలీ స్టేషను ప్లాట్‌ఫారం పొడవు దాదాపు 15 మీటర్లే కాబట్టి అక్కడ ఒక్క తలుపే తెరుస్తారు. ఆ తలుపు సరిగ్గా ప్లాట్‌ఫారం ఎదుటికి వచ్చేలా బండిని ఆపడం ఎంత నేర్పుతో కూడిన పనో సిమ్యులేటర్ ఆడేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

డింగ్వాల్ దాటాక లైట్ల సిగ్నళ్లకు బదులు రేడియో టోకెన్ పద్ధతి మొదలవుతుంది. మన రైల్వేలో సింగిల్ లైన్ల మీద పనిచేసినవారికి నీల్స్ బాల్ టోకెన్ తెలిసే ఉంటుంది. ఆ ఉక్కు బంతి చేతికి అందితే గానీ బండి తరువాతి స్టేషనుకు కదలదు. కైల్ లైనులో 1984 నుంచి ఆ పని రేడియో చేస్తోంది. డ్రైవరు ఇన్వర్నెస్‌లోని సిగ్నలర్‌ను పిలిచి టోకెన్ అడుగుతాడు, ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కుతారు, అప్పుడు క్యాబ్‌లోని చిన్న తెర మీద బండి వెళ్లబోయే లైను భాగం పేరు పడుతుంది. లూప్‌లో, అంటే బండ్లు ఒకదానినొకటి తప్పుకునే పక్క పట్టాల మీద, ఎదురు బండి కోసం ఆగి, టోకెన్ అప్పగించి, కొత్తది తీసుకుని కదలడమనే ఈ వ్యవహారాన్ని ఆటలో యథాతథంగా పెడితే చాలు, ఒక్క నిమిషం కూడా విసుగు పుట్టదు.

డింగ్వాల్ పడమట రేవెన్స్ రాక్ ఎక్కుడు వస్తుంది. స్ట్రాత్‌పెఫర్ మీదుగా లైను వేయడానికి అక్కడి భూస్వామి ఒప్పుకోకపోవడంతో, దానిని 50 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే కొండవాలు మీదికి మళ్లించవలసి వచ్చింది. నేను వెళ్లింది ఆకులు రాలే కాలం. నేల కింది డీజిల్ ఇంజను రొద బరువెక్కడం, తడిసిన పట్టాల మీద చక్రాలు ఒక్క క్షణం జారి మళ్లీ పట్టు దొరకబుచ్చుకోవడం కూర్చున్నచోటే తెలిసింది. ఋతువును బట్టి పట్టాల పట్టు మారేలా రూపొందించకపోతే ఈ ఎక్కుడు చేర్చీ ప్రయోజనం లేదు.

ఆక్నషీన్ చుట్టుపక్కలి విశాలమైన బీడు నేలల గురించి ఎక్కువ చెప్పను. అటడేల్ నుంచి స్ట్రోమ్‌ఫెర్రీ వరకు మాత్రం ఎడమవైపు నిలువు కొండ, కుడివైపు లాక్ కారన్ అనే సముద్రపు పాయ, మధ్యలో మెలికలు తిరుగుతూ లైను. ఆ నీటికి ఆటుపోట్లు ఉన్నాయి కనుక పొద్దున కనబడిన నాచు రాళ్లు మధ్యాహ్నానికి మునిగిపోవచ్చు. తయారుచేసేవారు దీనిని తప్పక చూపాలి. డంక్రేగ్‌లోని ఎనిమిది మూలల చిన్న వెయిటింగ్ రూమును కూడా మరచిపోకూడదు.

ఈ లైను స్ట్రోమ్‌ఫెర్రీ వరకు 1870లో, రాతిని తొలిచి కైల్ వరకు 1897లో వచ్చింది. 1970ల మొదట్లో మూసివేత దాకా వెళ్లి, కిషోర్న్‌లో సముద్రంలో చమురు తీసే వేదికలు కట్టే యార్డు రావడంతో బతికింది. అందుకే ఇప్పటి క్లాస్ 158 బండ్లతో పాటు ఆ దశాబ్దపు క్లాస్ 26 ఇంజన్లనూ, స్ట్రోమ్‌ఫెర్రీకి యార్డు సామగ్రి మోసే గూడ్సు బండ్లనూ చేర్చమని మీ ప్రతిపాదనలో స్పష్టంగా రాయండి.