వేలిముద్రల్లో లెక్కలు ఉండవు

ప్రశ్న: మాకు ఒక చిన్న టౌన్లో కిరాణా షాపు ఉంది. బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. లెక్కల్లో బాగా వెనకబడ్డాడు. మొన్న పరీక్షలో 52లోంచి 38 తీసేయమంటే 26 అని వేశాడు. వేలిముద్రలు తీసుకుని తెలివితేటలు చెప్పే టెస్ట్ ఉందని స్కూల్లో అంటే మూడు వేలు కట్టి చేయించాం. ఐక్యూ 92, లెక్కల తెలివి తక్కువ, ఆటల తెలివి ఎక్కువ అని రిపోర్టు వచ్చింది. అప్పట్నుంచి మావారు ‘ఇంక ట్యూషన్ దండగ, క్రికెట్ కోచింగ్‌లో వేద్దాం’ అంటున్నారు. మా అత్తగారు ‘వీడికి మేనమామ పోలిక వచ్చింది’ అంటూ మా తోడికోడలి కూతురితో పోలుస్తారు. పుస్తకం తీయమంటే వాడు ‘నాకు లెక్కల బుర్ర లేదుగా’ అంటున్నాడు. విచిత్రం ఏమిటంటే, షాపులో కూర్చోబెడితే చిల్లర మాత్రం తప్పు ఇవ్వడు. శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు ‘విచిత్రం’ అని చివర్లో రాసిన వాక్యంలో ఆ రిపోర్టు మొత్తంలో కంటే ఎక్కువ విషయం ఉంది. దాని దగ్గరికి వస్తాను. ముందు రిపోర్టు సంగతి తేల్చేద్దాం.

వేళ్ల మీది గీతలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి. వాటిని చూసి ఐక్యూ చెప్పవచ్చనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఇదే మాట చెప్పింది. ఇలాంటి రిపోర్టుల్లో ‘లాజికల్’, ‘మ్యూజికల్’, ‘కైనెస్థెటిక్’ (ఒంటి కదలికలకు సంబంధించినది) లాంటి మాటలు కనిపిస్తాయి. అవి అమెరికన్ మనస్తత్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో ప్రతిపాదించిన బహుళ ప్రజ్ఞల సిద్ధాంతంలోవి. తెలివి ఒకటే కాదు, చాలా రకాలు అన్నాడాయన. ఆ సిద్ధాంతానికి సరైన రుజువులు లేవని చాలామంది మనస్తత్వవేత్తలు ఇప్పటికీ అంటారు. ఆ వాదన ఎటు తేలినా, అందులో వేలిముద్రల ఊసే లేదు. పెద్ద పేరు పక్కన పెట్టుకుని అమ్ముకోవడం తప్ప ఇంకేమీ కాదిది. మూడు వేలు పోయాయి, పోనివ్వండి. ఆ కాగితం మాత్రం మళ్లీ బాబు కంటపడనివ్వకండి.

ఇక ఆ 92. సరైన పద్ధతిలో, శిక్షణ ఉన్న సైకాలజిస్టు ఎదురుగా కూర్చుని చేసే పరీక్షలో సగటు 100 ఉంటుంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు 85కీ 115కీ మధ్యే ఉంటారు. అంటే మీ అంకె నిజమైనదే అనుకున్నా, అందులో భయపడాల్సింది ఏమీ లేదు. నాలుగో తరగతి తీసివేతలు రాకుండా ఆపేంత తక్కువ కాదది.

మీవారు అసలు ఐక్యూ పరీక్షలు ఎందుకు పుట్టాయో ఒక్కసారి తెలుసుకుంటే బాగుంటుంది. బడిలో ఏ పిల్లలకు అదనపు సాయం కావాలో గుర్తించే దారి కోసం ఫ్రాన్స్ ప్రభుత్వం 1904లో ఒక సంఘాన్ని వేసింది. ఆ పని మీద ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ కలిసి 1905లో మొదటి పరీక్ష తయారుచేశారు. తెలివి పెరగదు, పుట్టుకతో వచ్చినంతే అనే వాళ్లతో బినే గట్టిగా విభేదించాడు. సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడానికి పుట్టిన పరీక్ష పేరు చెప్పి, మీ ఇంట్లో ఉన్న సాయమే ఆపేస్తున్నారు.

తర్వాత కొన్నేళ్లకు ఆ సిమోన్ దగ్గరే, పారిస్‌లో, జాన్ పియాజే అనే స్విట్జర్లాండ్ యువకుడు పనికి చేరాడు. పిల్లలకు ప్రశ్నలు వేసి సరైన జవాబులు లెక్కపెట్టడం అతని పని. అతనికి ఆసక్తి కలిగించినవి మాత్రం తప్పు జవాబులు. ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా ఎందుకు తప్పుతున్నారు అని వెతుక్కుంటూ పోయి, పిల్లల ఆలోచన గురించి జీవితాంతం పరిశోధించాడు.

మీ బాబు వేసిన 26ని కూడా అలా చూడండి. అది నోటికొచ్చిన అంకె కాదు. ఒకట్ల స్థానంలో 2లోంచి 8 పోదు కాబట్టి, తిప్పి 8లోంచి 2 తీసి 6 వేశాడు. పదుల స్థానంలో 5లోంచి 3 తీసి 2 వేశాడు. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలి’ అన్న నియమం ఎప్పుడో విన్నాడు, దాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. వాడికి అర్థం కానిది ఒక్కటే: ఆ 5 అంటే అయిదు కాదు, అయిదు పదులు అని. పక్క స్థానం నుంచి ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే ఒక పదిని విడదీయడమని. బుర్ర లేనివాడు చేసే తప్పు కాదిది. ఈ వయసు పిల్లల నోటుపుస్తకాల్లో సర్వసాధారణంగా కనిపించేదే.

ఇప్పుడు షాపు. 38 రూపాయల సరుకు తీసుకుని ఎవరైనా యాభై నోటు ఇస్తే వాడేం చేస్తాడో పక్కన నిలబడి గమనించండి. బహుశా రెండు రూపాయల బిళ్ల పెట్టి ‘నలభై’, పది నోటు పెట్టి ‘యాభై’ అంటాడు. అదీ తీసివేతే, కాకపోతే కింది నుంచి పైకి లెక్కపెడుతున్నాడు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద ముగ్గురు పరిశోధకులు చేసిన అధ్యయనం 1985లో వచ్చింది. బేరం మధ్యలో అడిగిన లెక్కలు ఆ పిల్లలు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు అంకెలుగా కాగితం మీద ఇస్తే సరైనవి 37 శాతమే. చూసింది అయిదుగురు పిల్లల్నే అయినా, ఈమధ్య కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే ఎంతోమంది పిల్లల్లోనూ ఇదే తేడా బయటపడింది. అంగట్లో వచ్చిన లెక్క దానంతటదే బడి పుస్తకంలోకి రాదు. ఎవరో ఒకరు కూర్చుని రెండింటినీ కలపాలి.

ఆ ఎవరో మీవారే అయితే మంచిది, గల్లాపెట్టె ఆయన చేతిలో ఉంది కాబట్టి. రాత్రి షాపు కట్టేసే ముందు ఓ పావుగంట చాలు. అయిదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు బాబు చేతికి ఇచ్చి, ‘ఇందులోంచి 38 ఇవ్వు’ అనండి. ఎనిమిది రూపాయలకు బిళ్లలు చాలవు. పది నోటు ఒకటి మార్చమని వాడే అడుగుతాడు. అడిగిన క్షణంలో కాగితం మీద ఆ 5ని కొట్టేసి 4 రాయించండి, పక్కన 2ని 12 చేయించండి. నోట్లతో చేసిన ప్రతి అడుగూ వెంటనే కాగితం మీదికి రావాలి. కొన్నాళ్లకు నోట్లు పక్కన పెట్టి కాగితం మాత్రం ఉంచండి, తడబడితే మళ్లీ నోట్లు తీయండి. పిల్లవాడు ఒంటరిగా చేయలేనిది, తెలిసినవాళ్లు తోడుంటే చేయగలిగే దశ ఒకటుంటుందని, నేర్పాల్సింది సరిగ్గా అక్కడేనని రష్యన్ మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చెప్పాడు. మీ బాబు తీసివేతల్లో ఇప్పుడు అక్కడే ఉన్నాడు. ట్యూషన్ మాన్పిస్తే నాకేం అభ్యంతరం లేదు, అక్కడా ఇవే లెక్కలు ఇరవైసార్లు రాయిస్తుంటే. క్రికెట్ కూడా ఇష్టమైతే వెళ్లనివ్వండి. లెక్కలకు బదులుగా మాత్రం వద్దు.

అత్తగారితో ‘మేనమామ పోలిక’ మీద వాదన పెట్టుకోకండి, గెలవలేరు. ‘అత్తయ్యా, నాతో ఏమన్నా అనండి, వాడు వినేలా మాత్రం అనొద్దు’ అని మీరు చెప్పండి, ఆ మాటే మీవారి చేత కూడా చెప్పించండి. కొడుకు చెబితే ఆ మాటకుండే బరువు వేరు. మీ తోడికోడలి కూతురి గురించీ ఓ మాట. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, ‘నువ్వు తెలివైనదానివి’ అనే పొగడ్త విన్న పిల్లలు కష్టమైన పజిల్స్ ఎదురవగానే డీలాపడ్డారు. ‘బాగా కష్టపడ్డావు’ అని విన్నవాళ్లు పట్టు వదల్లేదు. తర్వాతి పరిశోధనలు కొన్నిటిలో ఈ తేడా అంత పెద్దగా కనిపించలేదు. అయినా పొద్దస్తమానం మొనగత్తె అనిపించుకోవడం ఆ పిల్లకీ టెన్షనే కదా. మీ బాబుతో మీరు ‘నీకు బుర్ర ఉంది’ అని వాదించనక్కర్లేదు. ‘షాపులో పన్నెండు ఎలా వచ్చిందో నాకు చెప్పు’ అని అడగండి.

ఒక జాగ్రత్త. చదవడంలో కూడా తడబడుతున్నాడా, బోర్డు మీదివి ఎక్కించుకోలేకపోతున్నాడా? అయితే ముందు కంటి, చెవి పరీక్షలు చేయించండి. అవి బాగానే ఉండి, రెండు మూడు నెలలు ఇలా కూర్చున్నా మార్పు లేకపోతే క్లినికల్ సైకాలజిస్టుకు చూపించండి. సికింద్రాబాద్‌లో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడా పరీక్షలు చేస్తారు. లర్నింగ్ డిసబిలిటీ (చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) అని తేలినా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అలాంటి పిల్లలకు గుర్తింపు ఉంది. అది తెలివితక్కువతనం కాదు.

శనివారం మీటింగ్‌కి ఆ రిపోర్టు కాకుండా పరీక్ష పేపరు పట్టుకెళ్లండి. మార్కుల మాట ఎత్తకుండా 26 వేసిన చోటు చూపించి, ‘అప్పు తెచ్చుకునే తీసివేతలు వీడికి ఎక్కడ ఆగిపోతున్నాయో చూడండి మేడమ్, ఇంట్లో మేం నోట్లతో నేర్పిస్తున్నాం, కొన్నాళ్లు క్లాసులో కూడా వస్తువులు పెట్టి చేయనిస్తారా?’ అని అడగండి.