న్యాయ సలహా: చర్చి బోర్డులో సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మేడమ్ గారికి వందనాలు. కూకట్‌పల్లి వైపు ఒక పెద్ద స్వతంత్ర చర్చిలో బోర్డు మెంబర్ని. బ్యాంకులో రిటైరయ్యాక మా పాస్టరు అయ్యగారు పిలిచి కూర్చోబెట్టారు. ఆదివారం మూడు ఆరాధనలు, వేలల్లో జనం. సొసైటీగా రిజిస్టరైంది. ట్రెజరర్ అయ్యగారి బామ్మర్ది. ఆరాధన అయ్యాక వెనక గదిలో టీ ఇచ్చి మినిట్స్ పుస్తకం తెస్తారు. పేజీలో పైన సగం ఖాళీ, కింద మా సంతకాలు. బోర్డు తరఫున ఒక లాయరుని పెట్టుకుని ఏడాదికోసారైనా అన్నీ చూపించుకుందాం అన్నాను. “విశ్వాసుల మధ్య కోర్టులేంటి, పౌలు వద్దన్నాడు కదా” అన్నారు. నేను అడిగింది తప్పా? రాజీనామా ఇచ్చేస్తే నా బాధ్యత తీరిపోతుందా?
– ఒక బోర్డు సభ్యుడు, హైదరాబాద్

జవాబు: తప్పేమీ లేదు బ్రదర్ గారూ. కొరింథీ మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు వద్దన్నది విశ్వాసులు ఒకరి మీద ఒకరు వ్యాజ్యాలకు దిగడం. లెక్క చూపించవద్దని ఎక్కడా అనలేదు. రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం కూడా చదవమనండి. చందా సొమ్ము పట్టుకెళ్లేటప్పుడు తన మీద ఎవరూ నింద వేయకుండా, సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట పెట్టుకున్నాడాయన. తన మీదికి కేసు వస్తే రోమా చక్రవర్తి కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. సికింద్రాబాద్‌లో మా సీఎస్ఐ చర్చి పాస్టరేట్ కమిటీలో ఉన్న రోజుల్లో నేనూ ఈ ఆరో అధ్యాయం విన్నాను. ఎవరో ఓచర్లు అడిగిన రోజునే అది అందరికీ గుర్తొచ్చేది.

అసలు బోర్డే ముందుగా ఎందుకు చూసుకోవాలంటే, మీ బదులు చూసేవాళ్లు ఇంకెవరూ లేరు. గుడికి దేవాదాయ శాఖ ఉంది. మసీదు ఆస్తికి వక్ఫ్ బోర్డు ఉంది. చర్చికి అలాంటి శాఖ లేదు. ఉండాలని నేను అనడం లేదు, లేకపోవడమే మేలని నా అభిప్రాయం. కానీ రిజిస్ట్రారుకి ఏటా కమిటీ జాబితా పంపేసినంత మాత్రాన మిమ్మల్ని ఎవరో కనిపెట్టి చూస్తున్నారని అనుకోవద్దు. అంతా అయ్యాక, ఆస్తికి పబ్లిక్ ట్రస్టు స్వభావం ఉంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద సంబంధం ఉన్న ఇద్దరు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. ఆ దావా తేలేసరికి బోర్డులో సగం మంది ఉండరు.

లాయరు వచ్చీ రాగానే చూడాల్సింది భూమి కాగితాలు. సేల్ డీడులో కొనుగోలుదారు అన్న చోట ఎవరి పేరుంది? సొసైటీ పేరా, లేక “ఫలానా పాస్టరు, తండ్రి ఫలానా, నివాసం ఫలానా” అనా? శామీర్‌పేట వైపు పొలం చవగ్గా వచ్చిందని, సొసైటీ పేరున అయితే ఆలస్యమని, తర్వాత మార్చుకుందామని అయ్యగారి పేరున కొనేస్తారు. ఆ ‘తర్వాత’ రాదు. ఆయన పోయాక పిల్లలు వారసత్వం అంటారు. డబ్బు సంఘానిదని రుజువు చేయాల్సింది మీరు. ఆ రోజు మీ చేతిలో ఉండే సాక్ష్యం మినిట్స్ పుస్తకం, అందులో ఆ తీర్మానం పేజీ. అది సగం ఖాళీగా సంతకం చేసిన పేజీ అయితే అవతలి లాయరు దాన్ని కోర్టులో ఎలా చూపిస్తాడో ఆలోచించండి. నేను ఆయన తరఫున ఉంటే వదలను.

ప్రతి ఆస్తికీ ఏడాదికోసారి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్, తీయించండి. రిజిస్టరైన తాకట్టు ఉంటే అందులో తెలుస్తుంది. కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు అన్నిసార్లూ ఈసీలో కనిపించదు. అందుకని ఒరిజినల్ దస్తావేజులు ఏ బీరువాలో ఉన్నాయో, తాళం ఎవరి దగ్గర ఉందో కళ్లారా చూడండి. బ్యాంకులో పనిచేసినవాళ్లు, నేను వేరే చెప్పక్కర్లేదు.

బామ్మర్ది ట్రెజరర్ కావడం నేరం కాదు. అయ్యగారి కుటుంబంతో చర్చి ఏ లావాదేవీ చేసినా, ఆ చర్చలో ఆ కుటుంబం వాళ్లు లేచి బయటికి వెళ్లాలన్న నియమం బైలాస్‌లో లేకపోవడమే లోటు. సియోల్‌లోని యోయిడో చర్చి పేరు మన పాస్టర్లందరికీ తెలుసు. అంత పెద్ద సంఘం స్థాపకుడు డేవిడ్ యోంగీ చో, కొడుకు దగ్గరున్న షేర్లను చర్చి చేత విపరీతమైన ధరకి కొనిపించి నష్టం చేశాడని 2014లో కోర్టు తేల్చింది. జైలు శిక్ష వేసి, దాన్ని సస్పెండ్ చేసింది. సింగపూర్ సిటీ హార్వెస్ట్ చర్చిలో బిల్డింగ్ ఫండ్ సొమ్ము పాస్టరుగారి భార్య పాటల కెరీర్‌కి మళ్లింది. 2015లో పాస్టరుతో సహా ఆరుగురు దోషులయ్యారు. ఆ ఆరుగురిలో బోర్డులో కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

విదేశీ విరాళాలు వస్తుంటే, వాటి చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత ఆట మారింది. సొమ్ము ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చులకి 20 శాతం దాటకూడదు. అందులోంచి పల్లె సంఘాల సొసైటీలకి పంపడం పూర్తిగా నిషేధం. పూర్వం నుంచీ నెలనెలా పంపుతున్నాం అన్న మాట చెల్లదు. నగదు కానుకల విషయంలో ఒకే ఒక్క మాట. ఒకరి దగ్గర ఒక రోజులో రెండు లక్షలో, అంతకు మించో నగదుగా తీసుకోకండి.

ఇప్పుడు మీరు అడగని సంగతి. సండేస్కూల్, హాస్టల్, యూత్ క్యాంపు. బోర్డుకి అన్నిటికంటే పెద్ద చట్టపరమైన బాధ్యత ఇక్కడే ఉంది. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు శిక్ష. సంస్థ బాధ్యులు తమ కింద పనిచేసేవాళ్ల విషయంలో దాచిపెడితే ఏడాది వరకు. మతసంస్థ సిబ్బంది చేస్తే నేరం మామూలుది కాదు, తీవ్రమైనదాని కింద లెక్క. “బిడ్డ భవిష్యత్తు, సంఘం పరువు, లోపలే మాట్లాడుకుందాం” అన్న పెద్దమనుషుల పంచాయితీకి ఈ చట్టంలో చోటు లేదు. తల్లిదండ్రులు వద్దన్నా సరే చెప్పాల్సిందే. పిల్ల పేరు మాత్రం ఎక్కడా బయటికి రాకూడదు, మినిట్స్‌లో కూడా రాయకండి. బోర్డు ఇప్పుడే తీర్మానం చేసి పెట్టుకోవాలి: ఫిర్యాదు ఎవరికి వస్తుంది, పోలీస్ స్టేషన్‌కి ఎవరు వెళ్తారు, ఆ టీచరుని ఆ రోజు నుంచే పిల్లల దగ్గరికి రానివ్వకుండా ఎవరు ఆపుతారు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదు.

లాయరుని పెట్టుకోవడంలోనూ జాగ్రత్త ఉంది. అమెరికాలో సదరన్ బాప్టిస్టుల కార్యవర్గం మీద 2022లో ఒక స్వతంత్ర విచారణ నివేదిక వచ్చింది. లైంగిక దాడి ఆరోపణలున్న పాస్టర్ల జాబితా ఆఫీసులో ఏళ్ల తరబడి రాసి పెట్టుకున్నారు, కేసులు మీద పడతాయన్న భయంతో బాధితుల్ని పట్టించుకోలేదు. అక్కడ లాయర్లకి కొరతేం లేదు. వాళ్లు సంస్థను కాపాడే సలహాలే ఇచ్చారు. కాబట్టి అయ్యగారి సొంత కేసులు చూసే లాయరు వద్దు, ఉచితంగా చూస్తానన్న మీ సంఘ సభ్యుడూ వద్దు. బోర్డు తీర్మానంతో నియమించి, బోర్డే ఫీజు ఇచ్చి, రిపోర్టు అందరు మెంబర్ల చేతికీ ఒకేసారి వచ్చేలా చూడండి. మూడు నెలలకోసారి మీటింగులో అరగంట చాలు. ఆ అరగంట ట్రెజరర్ రిపోర్టుకి ముందు పెట్టండి. తర్వాత పెడితే భోజనాల టైమైందని లేచిపోతారు.

ఇక రాజీనామా. ఇవ్వడం మీ హక్కు. కానీ మీరు సంతకం పెట్టిన కాలానికి అది వర్తించదు, ఆనాటి తీర్మానాలకి మీరే జవాబుదారు. వెళ్లిపోయే ముందు ఒక పని చేయండి. వచ్చే మీటింగులో, లాయరుని నియమించాలన్న ప్రతిపాదన రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఓడిపోతే, మీరు ఒప్పుకోలేదన్న మాట అదే పేజీలో రాయించి, ఖాళీ ఉన్న చోట అడ్డగీత కొట్టి, అప్పుడు సంతకం పెట్టండి. పేజీ ఫొటో తీసుకోండి. రాయనివ్వకపోతే అదే రాత్రి బోర్డు అందరికీ మెయిల్ పెట్టండి. ఇవన్నీ అయ్యాకా వద్దనిపిస్తే రాజీనామా స్పీడ్ పోస్టులో పంపండి, నకలు సొసైటీల రిజిస్ట్రారుకి కూడా వేయండి.

ప్రశ్న: మా చర్చి ఆఫీసులో జీతం తీసుకునేవాళ్లం ఆరుగురమే. మిగతా ఇరవై మందీ వాలంటీర్లు. అందుకని లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ అక్కర్లేదంటున్నారు. నిజమేనా?
– ఒక సోదరి, మల్కాజిగిరి

జవాబు: నిజం కాదమ్మా. 2013 చట్టంలో ఉద్యోగి అంటే జీతం లేకుండా, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కూడా. పది మంది ఉంటే కమిటీ వేయాల్సిందే, వేయకపోతే 50,000 రూపాయల వరకు జరిమానా. కమిటీకి పెద్దగా ఒక మహిళ ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి, బయటి నుంచి ఒకరు రావాలి. పాస్టరమ్మగారిని పెద్దగా పెడితే, పాస్టరుగారి మీద ఫిర్యాదు వచ్చిన రోజు ఎవరి ముందు చెప్పుకోవాలో ముందే అడగండి. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. ఇదంతా మీ కోసమే అడుగుతుంటే, కమిటీ వేసేదాకా ఆగకండి, తేదీలు రాసి పెట్టుకోవడం ఈరోజే మొదలుపెట్టండి.