బుడమేరు మురుగుకాలువే కదా, దాని దగ్గర స్థలం కొనవచ్చా?

బుడమేరు గట్టుకు అర కిలోమీటరు దూరంలో, విజయవాడ సింగ్‌నగర్ వైపు, ముప్పై ఏళ్లకు పైగా ఉంటున్నాను కాబట్టి ముందుగా మీ ప్రశ్నలోని ఒక మాటను సరిదిద్దుతాను. బుడమేరు తవ్విన కాలువ కాదు, ఏరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తరపు అంచును ఒరుసుకుంటూ వచ్చి, ఎనికేపాడు వద్ద ఏలూరు కాలువ అడుగున కట్టిన సొరంగం గుండా దాటి, కొల్లేటిలో కలుస్తుంది. వేసవిలో సన్నబడడం, కొండల మీద గట్టి వాన పడితే ఒక్క రాత్రిలో పొంగడం దాని స్వభావం.

ఆ పొంగు ఊరి మీదికి రాకుండా వెలగలేరు వద్ద రెగ్యులేటరు (నీటిని ఆపి వదిలే గేట్ల కట్టడం) కట్టి, వరదను ఒక మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. ఈ ఏర్పాటులో చిక్కు ఏమిటంటే, కృష్ణ కూడా అదే సమయంలో నిండుగా ఉంటే మళ్లించిన నీరు నదిలోకి సులువుగా దిగదు. 2024లో జరిగింది అదే: బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లోనే మళ్లింపు కాలువ గట్లు తెగాయి. సెప్టెంబరు 1, ఆదివారం, మా వీధిలోకి నీరు వచ్చింది. మధ్యాహ్నానికి మా ఇంట్లో నడుము లోతయింది. 2005 వరదను చూసినవాణ్ణి కనుక బియ్యం, కాగితాలు ముందే అటక మీదికి చేర్చాను, అంతకు మించి ఏమీ చేయలేకపోయాను.

అయినా ఆ ఏటిని మురుగు అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఇళ్ల మురుగు కలిసి నీరు నల్లబడి, గుర్రపు డెక్క ఒడ్డు నుంచి ఒడ్డుకు అల్లుకున్న మాట నిజమే. గాలి పీల్చి బతకగల కొరమీను, మట్టగిడస మాత్రం ఇప్పటికీ ఆ నీటిలో దొరుకుతాయి. నా చిన్నతనంలో గాలానికి పడిన తక్కిన చేపలను మా వైపు చూసి చాలా ఏళ్లయింది. తెల్లవారుజామున, ముక్కు మధ్య సందుండే నత్తగుల్ల కొంగలు డెక్క అంచున నిలబడి నత్తలు ఏరుకుంటాయి. నడకకు వెళ్లేవారిలో వాటిని చూసి ఆగేవారు తక్కువ.

స్థలం విషయానికి వస్తే, పత్రాల కన్నా ముందు చుట్టుపక్కల ప్రహరీ గోడల మీద 2024 నాటి నీటి చార ఎంత ఎత్తున ఉందో చూడండి. సున్నం వేసి కప్పేసినచోట పక్కింటి పెద్దవారిని అడగండి. చార నడుము దాటితే, ధర ఎంత తగ్గించినా నేనైతే కొనను.