పాటిమన్నులో నల్లగింజలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊరి పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) మన్ను పొలానికి తోలుతుంటే బూడిద పొరలో మాడిన వడ్లలాంటివి కనిపించాయి. అవి పాతవేనా? తీసి దాచాలా? (జనగామ జిల్లా రైతు)

జవాబు: మాడాయి కాబట్టే మిగిలి ఉంటాయి. పచ్చి గింజ మన నేలల్లో మొలకెత్తుతుంది, లేదంటే కుళ్లిపోతుంది. గాలి సరిగా ఆడని నిప్పులో బొగ్గయిన గింజకు పురుగు పట్టదు, బూజు రాదు. మంట ధాటిగా ఉంటే మాత్రం గింజ కూడా మిగలదు, బూడిదే.

అయితే రంగు చూసి వయసు చెప్పలేం. నిరుడు గడ్డికి నిప్పు పెట్టినప్పుడు మాడిన వడ్లు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. ఎలుక బొరియలు, చీమలు, చెట్ల వేళ్లు కొత్త గింజను పాత పొరలోకి దించుతాయి. రేగడి నేలయితే ఎండాకాలం నెర్రెల్లోంచి చాలా లోతుకు జారుతుంది. అందుకే పక్కనున్న బొగ్గుకో కుండపెంకుకో కట్టిన కాలాన్ని గింజకు అంటగట్టకూడదు. గింజనే రేడియో కార్బన్ పద్ధతిలో, అంటే అందులో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు కట్టే పద్ధతిలో పరీక్షించాలి. అందులో యాక్సిలరేటర్ యంత్రంతో కొలిచే పద్ధతికి ఒక్క గింజ చాలు.

గింజలను ఏరకండి, అక్కడ మన్ను తోలడం ఆపండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి రాష్ట్ర వారసత్వ శాఖకు తెలియజేయండి. అనుమతి లేకుండా తవ్వడం కుదరదు. ఇప్పటికే ఊడిపడినవి ఉంటే మన్నుతో సహా అల్యూమినియం రేకులో చుట్టి, గట్టి డబ్బాలో పెట్టి, ఎక్కడ, ఎంత లోతులో దొరికాయో రాయండి. కడగొద్దు: తడిసిన బొగ్గు ఎండలో ఆరితే పగిలిపోతుంది. దూదిలో పెట్టొద్దు: దాని పోగులు అంటుకుంటే కొత్త కార్బన్ కలిసి లెక్క తప్పుతుంది.

ప్రశ్న: తవ్వకంలో వరి గింజ దొరికితే అది సాగు చేసినదా, దానంతటదే పెరిగిన అడవి వరా అని ఎలా తేలుస్తారు? (హనుమకొండ విద్యార్థిని)

జవాబు: బియ్యపు గింజ కన్నా, ఊక అడుగున గింజ కాడకు అతుక్కున్న చోటు ఎక్కువ సాక్ష్యం చెబుతుంది. అడవి వరి పండగానే తనంతట తాను రాలుతుంది. రాలకపోతే దాని జాతి నిలవదు. సాగు వరి రాలకుండా కంకికే పట్టుకుని ఉంటుంది, కల్లంలో కొట్టి రాల్చాలి. కోసి తెచ్చుకున్న గింజల్లోంచే మళ్లీ విత్తనం చల్లుతూ పోతే, కోతదాకా రాలకుండా నిలిచిన మొక్కల వంతు ఏటేటా పెరుగుతుంది. కంకిని బుట్టలోకి దులుపుకుని, విత్తకుండా తినేస్తే ఆ మార్పు రాదు.

ఈ తేడా గింజ కాడ నుంచి ఊడిన చోటి మచ్చలో కనబడుతుంది. రాలిన గింజ అడుగున మచ్చ నున్నగా, గుండ్రంగా ఉండి మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. కొట్టి రాల్చిన గింజ అడుగు చిరిగినట్టు, వంకరగా, లోతుగా ఉంటుంది. చిక్కంతా మూడో రకంతోనే. అడవి వరిని పచ్చిగా ఉండగానే కోస్తే దాని అడుగు కూడా చిరుగుతుంది, కాడ ముక్క పొడుచుకొచ్చి ఉంటుంది. దీన్ని సాగు వరి లెక్కలో వేస్తే చరిత్ర వేల ఏళ్లు వెనక్కి పోతుంది. సాగు వరిలోనూ కొన్ని నున్నని మచ్చలు దొరుకుతాయి కనుక ఒక్క గింజతో తీర్పు చెప్పే వార్తలను నమ్మొద్దు. వందల ముక్కలు లెక్కపెట్టి నిష్పత్తి చూడాలి.

చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో తియాన్‌లువోషాన్ దగ్గర అలాగే చేశారు. సుమారు 6900 నుంచి 6600 ఏళ్ల కిందటి పొరల్లో రాలని రకం వంతు 27 శాతం నుంచి 39 శాతానికి పెరిగింది. మూడు వందల ఏళ్లలో పన్నెండు శాతమే! వరి మచ్చిక ఒక తరంలో తేలిన పని కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ ముక్కలు మిల్లీమీటరు కన్నా చిన్నవి. తవ్వకంలో పొరకు 10–20 లీటర్ల మన్ను తీసి నీళ్లలో కలియబెడతారు. పైకి తేలిన బొగ్గును పావు మిల్లీమీటరు కన్నుల జాలీలో వంపి, నీడలో ఆరబెడతారు. ఒక మిల్లీమీటరు జల్లెడ వాడితే బియ్యం దొరుకుతుంది, అసలు సాక్ష్యం కింద పోతుంది.

బొగ్గు దొరకని చోట సిలికా ఆదుకుంటుంది. వరి ఊక కాలిస్తే బరువులో ఐదో వంతు దాకా బూడిద మిగులుతుందనీ, అందులో ఎక్కువ భాగం సిలికాయేననీ మిల్లుల వాళ్లకు తెలిసిందే. ఆకులోని విసనకర్ర ఆకారపు సిలికా రేణువుల అంచున చేప పొలుసుల్లాంటి గీతలుంటాయి. తొమ్మిదీ, అంతకన్నా ఎక్కువ పొలుసులున్నవి సాగు వరిలో ఎక్కువ. కానీ నీటి తడిని బట్టి కూడా ఆ సంఖ్య మారుతుంది కాబట్టి దీన్ని తోడు సాక్ష్యంగానే తీసుకోవాలి.

మీరే చూడాలంటే కార్తీకం ప్రాంతంలో చెరువు అంచున నివ్వరి (అడవి వరి) వెతకండి. పొడవాటి మీసాలుంటాయి. పండిన కంకి కింద అరచెయ్యి పెట్టి తట్టితే గింజలు రాలుతాయి. వాటినీ, మీ పొలం వడ్లనూ పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పక్కపక్కన పెట్టండి.

ప్రశ్న: గంగా లోయలోని కోల్డిహ్వాలో 8 వేల ఏళ్ల కిందటి వరి ఉందని పోటీ పరీక్షల గైడులో ఉంది. మరి చైనా మొదటిదెలా అయింది? (కరీంనగర్)

జవాబు: ఆ గైడు పాతది. కోల్డిహ్వాకు పెద్ద వయసు చెప్పింది పొరలోని బొగ్గును బట్టి. దాని పక్కనే ఉన్న మహాగరాను తర్వాత కొత్తగా పరీక్షిస్తే క్రీ.పూ. రెండో సహస్రాబ్ది అని వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని లహురాదేవాలో మాత్రం సుమారు 8 వేల ఏళ్ల కిందటి వరి దొరికింది. అది ఏరుకున్నదా, పండించినదా అన్నదే వాదన. రాలే గుణం పోయిన వరి ముందుగా చైనాలోని యాంగ్జీ లోయలో స్థిరపడిందనీ, గంగా లోయలో అప్పటికే వాడుకలో ఉన్న స్థానిక వరితో అది సుమారు 4 వేల ఏళ్ల కిందట కలిసిందనీ చాలామంది పరిశోధకుల అభిప్రాయం. చైనా, భారత్ అని పోటీ పెట్టడం వల్లే ఈ అయోమయం. సాగు వరిలోని రెండు ప్రధాన రకాలైన ఇండికా, జపానికాల చరిత్రలు వేరువేరుగా మొదలై మధ్యలో కలిశాయి.

ప్రశ్న: మన దగ్గర మొదటి పంట వరేనా? (పరకాల)

జవాబు: కాదు. బళ్లారి, కర్నూలు, కడప వైపు కొత్త రాతియుగపు స్థలాల మన్నులో ఎక్కువగా దొరికేవి అండుకొర్రలు, కొర్రజాతి గింజలు, ఉలవలు, పెసలు. దక్కనులో వరికి ప్రాధాన్యం ఇనుప యుగం, ఆ తర్వాతి కాలంలోనే. పాకాల, రామప్ప చెరువులైతే 13వ శతాబ్దపువి, ఈ లెక్కలో నిన్నమొన్నటివి.

ప్రశ్న: మాడిన గింజ పొడవు కొలిస్తే సన్నాలో దొడ్డు రకమో తెలుస్తుందా? (వరంగల్)

జవాబు: తెలియదు. మాడినప్పుడు గింజ కుంచించుకుపోతుంది, కొన్ని ఉబ్బి వంకర తిరుగుతాయి. పాలు పోసుకునే దశలో కోసిన గింజ ఏ రకానిదైనా సన్నగానే ఉంటుంది. చాలా గింజలు కొలిచి సగటు తీస్తే కాలక్రమంలో గింజ లావెక్కిందా అన్నది కొంత తెలుస్తుంది, అంతే.