కారులో ఎలుక పడిందని కంగారు పడుతున్న మేనల్లుడికి

చి. శ్రీనుకు,

మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నీ గొంతు వినగానే ఎంత టెన్షన్ పడుతున్నావో అర్థమైంది. పాపను స్కూల్లో దింపాల్సిన టైముకి సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోకపోవడం, బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన కొరికిన వైర్లు, స్పాంజి ముక్కలు, ఎలుక పెంటికలు. ముప్పై ఏళ్లు ఆటో ఎలక్ట్రీషియన్‌గా చేసినవాణ్ణి, ఇలాంటి బండ్లు చాలా చూశాను. ఫోన్లో అన్నీ చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నాను.

ముందుగా, ఇంక తాళం తిప్పకు. పై తొడుగు పోయిన రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే మంచి పక్షం ఫ్యూజు పోతుంది, చెడ్డ పక్షం ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ కాలుతుంది, లేదా మంట అంటుకుంటుంది. ఒకాయన ఆఫీసుకి లేటవుతోందని నాలుగైదు సార్లు స్టార్ట్ చేశాడు. ఒక్క వైరు అతికితే పోయేదానికి కట్ట మొత్తం కరిగి ఒకదానికొకటి అంటుకుపోయింది. ఎలుక పెట్రోలు పైపును కూడా కొరుకుతుంది, కాబట్టి వాసన వస్తోందేమో చూడు. వస్తే బండి దగ్గర ఏ స్విచ్చూ వేయకు, ముట్టుకోకు, మెకానిక్‌ను ఇంటికే పిలువు. వాసన లేకపోతే 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టు.

తర్వాత ఏదీ కదపకుండా ఫోటోలు తీయి. ఇన్సూరెన్స్ వాళ్ల సర్వేయర్ చూడకముందే రిపేరు చేయిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే నీ బండికి రూపాయి కూడా రాదు. ఫుల్ పాలసీల్లోనూ కొన్నింటిలో ఎలుక కొరుకుడు కలిసి ఉంటుంది, కొన్నింటికి విడిగా డబ్బు కట్టి యాడ్ ఆన్ (అదనపు కవర్) తీసుకోవాలి. నీ పాలసీ కాగితం తీసి చదువు. జీరో డిప్రిసియేషన్ (పాతబడిన విలువ కోయకుండా ఇచ్చే కవర్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు సగమే ఇస్తారు. 1500 సీసీ లోపు బండికి మరో 1000 రూపాయలు నువ్వే పెట్టుకోవాలి. నువ్వు మూడేళ్లుగా క్లెయిమ్ చేయలేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్, అంటే నీ బండి డ్యామేజీకి కట్టే ప్రీమియంలో తగ్గింపు, 35 శాతం వస్తూ ఉంటుంది, క్లెయిమ్ చేస్తే అది పోతుంది. బిల్లు రెండు మూడు వేలే అయితే జేబులోంచి పెట్టుకోవడమే లాభం. హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలంటే మాత్రం తప్పకుండా క్లెయిమ్ చేయి.

అయితే హార్నెస్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకు. నాలుగైదు వైర్లే తెగి, కనెక్టర్లు బాగుంటే అతికితే సరిపోతుంది. కానీ ఆ అతకడం సరిగ్గా జరగాలి. రెండు కొనలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టేస్తే ఇంజన్ వేడికి ఆ జిగురు కారి, టేపు ఊడి, వానాకాలంలో మళ్లీ బండి ఆగుతుంది. అదే మందం వైరు తీసుకుని, టంకం పెట్టి, పైన వేడి చేస్తే బిగుసుకునే స్లీవ్ వేయాలి. మెలిక తిరిగి జంటగా వెళ్లే సన్నని వైర్లు కంప్యూటర్ల మధ్య సమాచారం మోసేవి, వాటి మెలిక అలాగే ఉంచాలి. పసుపు తొడుగులో ఉన్న ఎయిర్‌బ్యాగ్ వైర్లను బయట ఎవరినీ ముట్టుకోనివ్వకు. మీ బావగారి ఎలక్ట్రిక్ బండిలో నారింజ రంగు కేబుళ్లూ అంతే.

వైరు అతికించేసి పని అయిపోయిందనుకుంటే వారంలో మళ్లీ నాకు ఫోన్ చేస్తావు. ఎలుక ఎందుకొచ్చిందో పట్టుకోవాలి. దాని ముందు పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి నాలుగు అంగుళాల పైనే. అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకాలి. నీ ఇల్లు చేల పక్కనే. సార్వా కోతలు అయ్యాక పొలంలో తిండీ చాటూ పోయి ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. చలి రాత్రి వెచ్చగా ఉన్న ఇంజన్ దొరికితే ఇంకేం కావాలి? పైగా మొన్న ఇక్కడి నుంచి బియ్యం బస్తా డిక్కీలో వేసుకెళ్లావు గుర్తుందా? చాప ఎత్తి చూడు, గింజలు ఉంటాయి. సీటు కింద పాప జంతికల పొడి కూడా ఉంటుంది. వాక్యూమ్ పెట్టించు. షెడ్డులో కుక్క తిండి సంచి ఉంటే మూతున్న డబ్బాలోకి మార్చు. గోడకు ఆనించి ఉన్న పాత అట్టపెట్టెలు, కొబ్బరి మట్టలు తీసేయి, అవే వాటికి దాగుడు చోటు.

గ్లవ్ బాక్స్ వెనక ఏసీ ఫిల్టర్ కూడా తీసి చూడు, అక్కడ గూడు పెట్టడం మామూలే. పెంటికలను పొడిగా ఊడ్వకు. చేతికి గ్లవుజులు వేసుకుని, డెటాల్ నీళ్లు చల్లి తడి గుడ్డతో తీయి. ఎలుక ఉచ్చతో ఎలుక జ్వరం వస్తుంది, పాప ఎక్కే బండి అది.

ఎలుకల మందు మాత్రం పెట్టకు. బిళ్ల తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరిగి ఏ ఏసీ గొట్టంలోనో చస్తుంది. ఆ వాసన పోవాలంటే డాష్‌బోర్డు విప్పాలి. బోను నయం. ఎలుక కొత్త వస్తువును నమ్మదు, కాబట్టి రెండు మూడు రోజులు తలుపు పడకుండా కట్టి, కాల్చిన ఎండుచేప కానీ కొబ్బరి ముక్క కానీ పెట్టు. తినడం అలవాటయ్యాక తలుపు విడువు. గోడ వెంబడే పెట్టు, అవి గోడను ఆనుకునే నడుస్తాయి.

పొగాకు, ఫినాయిలు, స్ప్రేలు కొన్నాళ్లు పనిచేస్తాయి, ఇంజన్ వేడికి ఘాటు పోగానే మళ్లీ వేయాలి. నాఫ్తలీన్ ఉండలు కారు లోపల వేయకు, ఆ గాలి పీల్చడం మంచిది కాదు. హోండా వాళ్లు కారం ఘాటున్న టేపు ఒకటి అమ్ముతారు, అతికిన చోట దాన్ని చుట్టడం నాకు నచ్చింది. నేను ఎక్కువగా నమ్మేది పావు అంగుళం కన్నున్న ఇనప జాలీని. ఏసీ గాలి లోపలికి వెళ్లే చోట అది బిగిస్తే ఎలుక దూరలేదు. బండి రోజుల తరబడి కదలకుండా ఉంచకు. ఈ చలికాలం రాత్రిళ్లు బానెట్ ఎత్తి పెట్టి, పైన చిన్న బల్బు వేలాడదీయి.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను. సోల్డరింగ్ సామాను, స్లీవులు నేనే తెస్తాను. సర్వేయర్ వచ్చి వెళ్లాడో లేదో శనివారం సాయంత్రంలోగా చెప్పు. తెగిన వైర్ల రంగులు కనిపించేలా వెలుతురులో ఇంకో ఫోటో పంపు, ఆ మందం వైరు ఇక్కడే కొనుక్కొస్తాను. మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య