రాజుల అంగరక్షకులు నిజంగా రాజుల్ని కాపాడారా, లేక హంగు కోసమేనా? ఇప్పుడున్న వాళ్లు షో కోసమేనా?

హంగూ ఉంది, కాపాడటమూ ఉంది. కానీ రాజుకి అసలు తలనొప్పి వేరే. కత్తి పట్టుకుని రాత్రంతా తన గుమ్మం ముందు నిలబడేవాడు తన మీదికే తిరగకుండా చూసుకోవడం ఎలా? ఎవర్ని కాపలా పెట్టుకోవాలన్న నిర్ణయాలన్నీ దాదాపు ఈ భయంలోంచి పుట్టినవే.

నాకీ సంగతి మొదట చెప్పింది మా స్కూల్ ఫ్రెండ్ వాళ్ల తాత. మేం హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ వైపు ఉండేవాళ్లం, వాళ్లిల్లు పక్కనే ఏసీ గార్డ్స్‌లో. అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం గుర్రపు దళం ఉన్న చోటు. వనపర్తి సంస్థానం రాజా రామేశ్వరరావు పెట్టుకున్న సిద్దీల (ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల) దళం ఆ తర్వాత నిజాం కొలువులోకి చేరింది. ఆ తాత అందులో చివరి తరం వాడు. 1948 పోలీస్ చర్యతో కొలువు పోయింది, ఇల్లు మాత్రం అక్కడే ఉండిపోయింది. రంజాన్‌కి వెళితే షీర్ ఖుర్మా గిన్నె చేతిలో పెట్టి కబుర్లు మొదలెట్టేవాడు. ఓసారి అన్నాడు: "మా పెద్దల్ని సముద్రం అవతలి నుంచి ఎందుకు తెచ్చారనుకుంటున్నావ్ బేటా? ఈ ఊళ్లో వాళ్లకి బావమరుదులు లేరు, మేనమామలు లేరు. నిజాం తప్ప ఇంకెవరూ లేరు."

అలా వచ్చిన పెద్దల్లో బానిసలుగా అమ్ముడుపోయినవాళ్లూ ఉన్నారు. ఆ మాట మాత్రం ఆయన ఎక్కువ ఎత్తేవాడు కాదు.

నిజాములు ఇదే లెక్కతో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల్నీ పెట్టుకున్నారు. పాతబస్తీ వైపు బార్కస్‌లో ఉన్నది వాళ్ల సంతతే. (పెళ్లి బరాత్‌లో మోగే మర్ఫా వాయిద్యం కూడా ఈ రెండు దళాల వాళ్ల ద్వారా వచ్చిందే, నన్నడిగితే నగరానికి వాళ్ల వల్ల మిగిలిన గొప్ప లాభం అది.) జనానాకి ఆడవాళ్ల పహరా ఉండేది. రెండో నిజాం కాలంలో జఫర్ పల్టన్ అని స్త్రీల దళం ఒకటి 1795లో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధానికి కూడా వెళ్లింది.

పరాయివాణ్ణి కాపలా పెట్టడం నిజాములు కనిపెట్టిన ఉపాయమేం కాదు. సొంత మనుషుల తిరుగుబాట్లతో విసిగిపోయిన బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి రెండో బేసిల్‌కి 988 ప్రాంతంలో కీవ్ రాజు వ్లాదిమిర్ ఆరు వేల మంది ఉత్తరాది యోధుల్ని పంపాడు. వరాంజియన్ గార్డు మొదలైంది అక్కడే. నగర రాజకీయాలతో పనిలేని గొడ్డలి వీరులు, జీతం ఇచ్చేవాడే వాళ్లకి దిక్కు.

తమాషా ఏంటంటే కౌటిల్యుడు దీనికి సరిగ్గా ఎదురు చెప్పాడు. తాతతండ్రుల నుంచి కొలువులో ఉన్నవాళ్లనీ, బంధుత్వం ఉన్నవాళ్లనీ దగ్గర పెట్టుకో, మనం ఏ మేలూ చేయని పరదేశిని దగ్గరికి రానీకు అన్నాడు. రాజు నిద్ర లేవగానే విల్లు పట్టిన ఆడవాళ్లు చుట్టూ ఉండాలన్నాడు. అలాగని బంధువుల్ని గుడ్డిగా నమ్మమనీ అనలేదు. రాణి గదిలో దాక్కున్న తమ్ముడి చేతిలో భద్రసేనుడు చచ్చాడనీ, తల్లి మంచం కింద దూరిన కొడుకు కారూశ రాజుని చంపాడనీ అర్థశాస్త్రంలో పేర్లతో సహా రాసిపెట్టాడు. ఇంత జాగ్రత్త నేర్పిన ఆ మౌర్య వంశంలోనే చివరి రాజు బృహద్రథుణ్ణి సొంత సేనాని పుష్యమిత్రుడు సైన్యం కవాతు చూపిస్తూ చంపేశాడు!

కంచే చేను మేసిన కథల్లో రోమ్‌ని మించింది లేదు. అగస్టస్ తన రక్షణకి పెట్టుకున్న ప్రిటోరియన్ గార్డు క్రీ.శ. 41లో చక్రవర్తి కాలిగులాని చంపడంలో ముందు నిలిచింది. వెంటనే అదే గార్డు క్లాడియస్‌ని పట్టుకొచ్చి చక్రవర్తిని చేసింది, అతనూ మనిషికింత అని బహుమానం ముట్టజెప్పాడు. అక్కడ రుచి మరిగారు. 193లో చక్రవర్తి పెర్టినాక్స్ క్రమశిక్షణ అంటూ మొదలెడితే మూడు నెలలు కూడా బతకనివ్వలేదు. తర్వాత శిబిరం గోడ దగ్గర నిలబడి సామ్రాజ్యాన్నే వేలం వేశారు. డిడియస్ జూలియానస్ సైనికుడికి 25,000 సెస్టెర్షియస్‌ల (రోమన్ నాణేల) చొప్పున పాడి సింహాసనం ఎక్కాడు, రెండు నెలలు దాటగానే అతనూ పోయాడు. కొత్తగా వచ్చిన సెప్టిమియస్ సెవెరస్ ఆ గార్డు మొత్తాన్ని ఆయుధాలు లేకుండా రమ్మని కబురుపెట్టి, చుట్టూ తన సైన్యాన్ని నిలబెట్టి, ఊళ్లోంచి వెళ్లగొట్టాడు. చివరికి 312లో కాన్‌స్టాంటైన్ ఆ దళాన్నే రద్దు చేశాడు.

మన దక్కన్‌లో దొరికిన పరిష్కారం వీటన్నిటికంటే భయంకరమైంది. కర్ణాటకలోని హళేబీడు వెళితే హోయసలేశ్వరాలయం దగ్గర ఒక స్తంభం ఉంటుంది. శిల్పాల ఫోటోలు తీసుకునే హడావుడిలో జనం దాన్ని దాటి వెళ్లిపోతారు, నేను మాత్రం అక్కడే ఎక్కువసేపు ఆగాను. దాని మీద కత్తితో తమ తలలు తామే కోసుకుంటున్న మనుషులున్నారు. హోయసల రెండో వీరబల్లాలుడు 1220లో చనిపోతే కువర లక్ష్ముడు, అతని భార్య సుగ్గలదేవి, వెంట ఉన్న వీరులు ప్రాణాలు వదిలారని అక్కడి శాసనం. వీళ్లని గరుడులనేవారు. మన కాకతీయ శాసనాల్లో కనిపించే లెంకలు కూడా ప్రభువుతోనే బతుకు, ప్రభువుతోనే చావు అని బాస చేసినవాళ్లే. దీన్ని స్వామిభక్తి అని పొగుడుతారు, నాకైతే అందులో గట్టి లెక్క కనబడుతుంది. రాజు చస్తే తానూ చావాల్సినవాడికి ఎంత లంచమిచ్చి ఏం లాభం?

అయినా ఎవరో ఒకడు దొరుకుతాడు. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర గైడు చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు కోట శిఖరం మీది బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని చూపిస్తాడు. ఊరి నుంచి చుట్టాలొస్తే నాకది తప్పని డ్యూటీ. ఇలాంటి హెచ్చరిక ఏర్పాట్లన్నీ ఉన్న కోట, ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగలేదు. 1687లో అబ్దుల్లా ఖాన్ పనీ అనే లోపలివాడు రాత్రి తలుపు తీస్తే పడింది. సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా తూట్లు పడేదాకా పోరాడాడు గానీ గోల్కొండ సుల్తాను తానాషా బందీ కాక తప్పలేదు. అలాగే 1757లో బొబ్బిలి పడిన కొద్ది రోజులకే, గెలిచిన సైన్యం మధ్యలో డేరాలో పడుకున్న విజయనగరం రాజు విజయరామరాజుని తాండ్ర పాపారాయుడు వచ్చి పొడిచాడు. గెలిచిన రాత్రుల్లో పహరా సడలుతుందని నా అనుమానం.

మాట నిలబెట్టుకున్నవాళ్లు లేకపోలేదు. 1527 మే 6న రోమ్ మీద దాడి జరిగినప్పుడు పోప్ దగ్గరున్న 189 మంది స్విస్ గార్డుల్లో 147 మంది చనిపోయారు. మిగతా 42 మంది ఏడో క్లెమెంట్‌ని గోడ మీది దారిలో సాంట్ ఏంజెలో కోటకి చేర్చి బతికించారు. ఆ రోజుని తలుచుకునే కొత్త గార్డులు మే 6న ప్రమాణం చేసే ఆనవాయితీ వచ్చింది.

ఇక మీ రెండో ప్రశ్న. వాటికన్‌లో చారల బట్టలతో కనిపించే స్విస్ గార్డులు సైనిక శిక్షణ పొందినవాళ్లే. 1981లో పోప్ రెండో జాన్ పాల్ మీద కాల్పులు జరిగినప్పుడు మామూలు సూట్లో ఉన్న గార్డు ఒకాయన పరుగున వచ్చి అడ్డు నిలిచాడు. బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఎలుగుబంటి టోపీలతో నిలబడేవాళ్లూ అసలైన సైనికులే, కాకపోతే రాజు పక్కన ఉండే రక్షణ పోలీసులది. 1982 జులైలో ఒకడు గోడ దూకి, పైపు ఎక్కి, పొద్దున్నే నేరుగా రాణి ఎలిజబెత్ పడకగదిలోకి వెళ్లి నిలబడ్డాడు. బయట కాపలా ఉండాల్సిన పోలీసు షిఫ్టు అయిపోయిందని వెళ్లిపోయాడు, తర్వాతివాడు ఇంకా రాలేదు.