మిషన్ విప్పే ముందు

అల్లుడూ,

ఒంగోలులో ల్యాబు, ఆసుపత్రి మిషన్లు బాగుచేసే సర్వీస్ ఇంజనీరుగా చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం నాయనా. గూడూరు నుంచి మార్కాపురం దాకా టూల్ బ్యాగు భుజాన వేసుకుని తిరిగినవాడిని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

వెళ్లగానే స్క్రూడ్రైవర్ తీయకు. ఆ మిషన్ ముందు రోజూ కూర్చునే టెక్నీషియన్‌ని అడుగు. ఎప్పటి నుంచి తేడా, ఏ టెస్టులో, కంట్రోల్ (విలువ ముందే తెలిసిన నమూనా) ఎంత వచ్చింది? సగం సంగతి అక్కడే తేలిపోతుంది. "మేమేం ముట్టుకోలేదు సార్" అన్నారంటే మాత్రం ఏదో ముట్టుకున్నారనే లెక్క.

తర్వాత మల్టీమీటర్. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. కందుకూరు వైపు ఒక ల్యాబులో రక్తకణాలు లెక్కపెట్టే సెల్ కౌంటర్, రక్తం పెట్టకుండా ఖాళీగా నడిపినా ప్లేట్‌లెట్లు చూపించేది. కణాలు దాటే సన్న రంధ్రం, అదే అపెర్చర్, కడిగా, రక్తాన్ని పలచన చేసే డైల్యూయెంట్ మార్చా, చివరికి బోర్డు కూడా మార్చా. రెండు రోజులు పోయాయి. చూస్తే ఎండలకి ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంది, మీటరులో 14 వోల్టులు! కణం ఆ రంధ్రం దాటినప్పుడు పుట్టే చిన్న పల్సునే ఆ మిషన్ లెక్కపెడుతుంది. కరెంటులోని అలజడి కూడా దానికి ప్లేట్‌లెట్‌లాగే కనిపిస్తుంది. గోతిలో నాలుగు బిందెల నీళ్లు పోస్తే కుదురుకుంది. బోర్డు డబ్బులు ఎవరిస్తారని ల్యాబు ఆయన అడిగినప్పుడు నా మొహం చూడాల్సింది.

బయోకెమిస్ట్రీ అనలైజర్‌లో గ్లూకోజ్ బాగానే వచ్చి ఎస్‌జీపీటీ (లివర్ టెస్టు), యూరియా తేడా కొడితే ముందు ల్యాంపును అనుమానించు. ఆ రెండు టెస్టులూ చదివేది 340 నానోమీటర్ల కాంతిలో, పాతబడిన హాలోజెన్‌కి అక్కడే ముందు వెలుగు తగ్గుతుంది. కొత్తది వేసేటప్పుడు గాజును వట్టి వేళ్లతో పట్టుకోకు. కనిగిరి, పొదిలి వైపయితే నీళ్లు కూడా చూడు. బోరు నీళ్ల సున్నం ట్యూబుల్లో పేరుకుంటుంది. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. చీమకుర్తిలో గ్రానైట్ దుమ్ముకి ఫ్యాన్ ఫిల్టర్ సంగతి చెప్పక్కర్లేదు.

అల్ట్రాసౌండ్‌లో నిలువు నల్లచార వస్తే ప్రోబును (ఒంటి మీద ఆనించే భాగాన్ని) ఇంకో పోర్టుకి మార్చి చూడు. చార దానితోపాటే వస్తే తప్పు ప్రోబుది. కానీ మిషన్‌ని రిపేరు పేరుతో వేరే చోటికి మోసుకుపోవద్దు. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఉంది, జిల్లా అధికారులకు ముందే రాయాల్సిందే.

ఎక్స్‌రే దగ్గర ధైర్యం చూపించకు. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో చార్జ్ నిలిచే ఉంటుంది. ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, అనుమతి ఉన్నవాళ్లే చేయాల్సిన పని అది. ఫ్యూజు, కేబులు, కొలిమేటర్ (కిరణాలు పడే మేర సరిచేసే పెట్టె) బల్బు చూసి, అంతకు మించితే వాళ్లని పిలిపించు. ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి లేకుండా ఆ గదిలోకి పోవద్దు.

పనయ్యాక కంట్రోల్ నడిపించి, ఆ ప్రింటు మీద వాళ్లతో సంతకం చేయించుకునే బయల్దేరు.

పండక్కి నెల్లూరు వచ్చినప్పుడు నా మల్టీమీటర్ పట్టుకెళ్లు. వైర్లు మాత్రం కొత్తవి వేయించుకోవాలి, పాతవి ఎలుక కొరికింది.

మీ మామయ్య